జూడిత్ కాంపిసి: కణ వార్ధక్యంపై జన్యు పరిశోధన

జూడిత్ కాంపిసి (1948–2024) అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త. ముసలితనానికీ కేన్సర్‌కూ కణస్థాయిలో ఉన్న సంబంధంపై నాలుగు దశాబ్దాలకు పైగా పరిశోధించారు. ముసలి కణాలు విభజన మానేసి ఊరుకోవు, చుట్టూ ఉన్న కణజాలాన్ని మార్చే పదార్థాలను స్రవిస్తాయి అని ప్రయోగాలతో చూపిన వారిలో ఆమె ప్రముఖులు. ఈ వ్యాసం ఆమె పరిశోధననూ, అది పుట్టిన కణ వార్ధక్య శాస్త్రాన్నీ వివరిస్తుంది.

నిర్వచనం

విభజన చెందగల కణం ఆ శక్తిని శాశ్వతంగా కోల్పోయి, చనిపోకుండా, జీవక్రియలు సాగిస్తూ మిగిలిపోయే స్థితిని కణ వార్ధక్యం అంటారు. ఈ స్థితిలోని కణాన్ని వృద్ధకణం అంటారు. దీన్ని మూడు ఇతర స్థితుల నుంచి వేరుచేసి చూడాలి. పోషకాలు లేకనో, పెరుగుదల సంకేతాలు అందకనో తాత్కాలికంగా విభజన ఆపిన కణం విరామస్థితిలో ఉన్నట్టు. పరిస్థితులు మారితే అది మళ్లీ విభజన చెందుతుంది. నాడీకణం, గుండె కండర కణం వంటివి తమ పని కోసం ప్రత్యేకత పొంది విభజన మానేస్తాయి. అది అభివృద్ధిలో భాగం. అపోప్టోసిస్‌లో కణం తనను తాను క్రమబద్ధంగా అంతం చేసుకుంటుంది (చూ. అపోప్టోసిస్). వృద్ధకణం ఈ మూడు కోవల్లోనూ చేరదు. నిజానికి చాలా రకాల వృద్ధకణాలు అపోప్టోసిస్‌కు లొంగవు; కణజాలంలో అవి పేరుకుపోవడానికి ఇదొక కారణం.

మనిషి ముసలితనం వేరు, కణ వార్ధక్యం వేరు. పసివాడి గాయంలోనూ వృద్ధకణాలు కనిపిస్తాయి. తొంభై ఏళ్ల మనిషిలోనూ అత్యధిక కణాలు వృద్ధకణాలు కావు.

పూర్వరంగం

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో శరీరం బయట పెంచిన కణాలు అమరమని నమ్మేవారు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలెక్సిస్ కారెల్ 1912లో న్యూయార్క్‌లో కోడిపిల్ల పిండపు గుండె కణజాలంతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఆ కణజాలం 1946 వరకూ, అంటే కారెల్ మరణించాక కూడా, సాగిందని ప్రకటించారు. ఆ ఫలితాన్ని మరెవరూ రాబట్టలేకపోయారు. పోషకంగా వాడిన పిండ రసంతో పాటు తాజా కణాలు కూడా చేరుతూ వచ్చి ఉండవచ్చని తర్వాతి శాస్త్రవేత్తలు అనుమానించారు.

ఫిలడెల్ఫియాలోని విస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ 1961లో ఆ నమ్మకాన్ని తోసిపుచ్చారు. మానవ పిండపు ఫైబ్రోబ్లాస్ట్ (సంయోజక కణజాల) కణాలు సుమారు 50 సార్లు రెట్టింపయ్యాక ఆగిపోతాయని వారు చూపారు. లోపం కణాల్లో ఉందా, పెంచే ద్రవంలో ఉందా అన్న అనుమానం తీర్చడానికి వారు చేసిన పరీక్ష సులువైనది. ఎన్నోసార్లు విభజన చెందిన పురుష కణాలనూ, కొద్దిసార్లే విభజన చెందిన స్త్రీ కణాలనూ ఒకే పాత్రలో కలిపి పెంచారు. కొంతకాలానికి ఆ పాత్రలో స్త్రీ కణాలే మిగిలాయి. ద్రవం ఒకటే అయినప్పుడు ఒక రకం మాత్రమే ఆగిపోయిందంటే, లెక్క కణం లోపలే ఉండాలి. ఈ పరిమితిని హేఫ్లిక్ పరిమితి అంటారు (చూ. హేఫ్లిక్ పరిమితి).

ఆ లెక్క ఎక్కడుందో తర్వాత తేలింది. క్రోమోజోముల కొనల్లోని టీలోమియర్లు విభజన జరిగినప్పుడల్లా కురచనవుతాయని సోవియట్ శాస్త్రవేత్త అలెక్సీ ఒలోవ్నికోవ్ 1971లో ఊహించారు. మానవ ఫైబ్రోబ్లాస్ట్‌లలో అది నిజమని 1990లో కాల్విన్ హార్లీ, కెరోల్ గ్రైడర్ బృందం చూపింది. టీలోమియర్లను తిరిగి పొడిగించే టెలొమరేజ్ ఎంజైమ్ జన్యువును చేరిస్తే మామూలు మానవ కణాలు హేఫ్లిక్ పరిమితిని దాటిపోతాయని 1998లో రుజువైంది. టీలోమియర్, టెలొమరేజ్ పరిశోధనకు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టక్ 2009లో నోబెల్ బహుమతి పొందారు.

జన్యుశాస్త్రం వైపు నుంచి మరో ఆధారం 1980లలో వచ్చింది. మామూలు కణాన్ని అమర కేన్సర్ కణంతో కలిపి సంకరకణం చేస్తే అది పరిమితంగానే విభజన చెంది ఆగిపోయేది. అంటే వార్ధక్యం బహిర్గత లక్షణం, అమరత్వం అంతర్గత లక్షణం. కణం అరిగిపోయి ఆగిపోవడం లేదని, ఏవో జన్యువులు పనిగట్టుకుని ఆపుతున్నాయని దీన్నిబట్టి తెలిసింది. కాంపిసి ఈ రంగంలోకి వచ్చే నాటికి పరిస్థితి ఇది.

జీవితం, పనిచేసిన సంస్థలు

కాంపిసి న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో పుట్టారు. స్టోనీ బ్రూక్‌లోని స్టేట్ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్‌లో రసాయనశాస్త్రం చదివి, అక్కడే 1979లో జీవరసాయనశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. తర్వాత బోస్టన్‌లోని డానా-ఫార్బర్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్థర్ పార్డీ వద్ద కణవిభజన చక్రంపై శిక్షణ పొందారు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిగా పనిచేసి, 1991లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాలకు మారారు. 2002 నుంచి నొవాటోలోని బక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆచార్యులుగా ఉన్నారు. 2018లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. 2024 జనవరిలో మరణించారు.

ఆమె కేన్సర్ వైపు నుంచి ముసలితనం వైపు వచ్చిన శాస్త్రవేత్త. ఆమె ప్రశ్నలన్నిటిలోనూ ఈ నేపథ్యం కనిపిస్తుంది.

తొలి దశ పరిశోధన

మూగబోయే జన్యువు: వృద్ధకణానికి పెరుగుదల సంకేతం అందుతుంది కానీ అది స్పందించదు. ఎక్కడ ఆగుతోంది? టి. శేషాద్రితో కలిసి కాంపిసి 1990లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ ప్రశ్నపైనే. రక్త సీరం తగలగానే యువ ఫైబ్రోబ్లాస్ట్‌లలో పలు జన్యువులు చురుకవుతాయి. వృద్ధ ఫైబ్రోబ్లాస్ట్‌లలో వాటిలో కొన్ని మామూలుగానే స్పందించాయి. సి-ఫాస్ అనే జన్యువు మాత్రం ఆర్‌ఎన్‌ఏ తయారీ స్థాయిలోనే అణగి ఉంది. కణం మొత్తంగా మొద్దుబారలేదని, జన్యువుల పనితీరు ఎంపికగా మారిందని దీని అర్థం.

నీలిరంగు గుర్తు: గోవర్ధన్ దిమ్రీ మొదటి రచయితగా కాంపిసి బృందం 1995లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో అత్యధికంగా వాడే పరీక్షను అందించింది. లైసోజోముల్లోని బీటా-గెలాక్టోసిడేజ్ ఎంజైమ్ సాధారణంగా పీహెచ్ 4 ప్రాంతంలో బాగా పనిచేస్తుంది. వృద్ధకణాల్లో అది పీహెచ్ 6 వద్ద కూడా గుర్తించదగినంత ఉంటుంది. తగిన రసాయనం చేరిస్తే కణం నీలిరంగులోకి మారుతుంది. బృందం ఈ పరీక్షను వివిధ వయసుల మనుషుల చర్మపు నమూనాలపై చేసింది. వయసు పెరిగిన కొద్దీ నీలి కణాలు ఎక్కువయ్యాయి. అప్పటిదాకా కణ వార్ధక్యం గాజుపాత్రకే పరిమితమైన కృత్రిమ దృశ్యం అనే వాదన బలంగా ఉండేది. సజీవ శరీరంలో దాన్ని చూపినందువల్ల ఆ వాదన సడలింది.

ఆక్సిజన్ ప్రభావం: ఎలుక కణాల టీలోమియర్లు పొడవైనవి. అయినా ప్రయోగశాలలో అవి మానవ కణాల కన్నా ముందే ఆగిపోతాయి. 2003లో కాంపిసి బృందం ఎలుక ఫైబ్రోబ్లాస్ట్‌లను గాలిలో ఉండే 20 శాతం ఆక్సిజన్‌లో కాక, శరీర కణజాలానికి దగ్గరైన 3 శాతం ఆక్సిజన్‌లో పెంచింది. అవి ఆగలేదు. అధిక ఆక్సిజన్ వల్ల డీఎన్‌ఏకు జరిగే హానే అసలు కారణమని తేలింది. అప్పటివరకూ ఎలుక కణాలపై తీసిన పలు నిర్ధారణలను పెంపకం పరిస్థితుల దృష్ట్యా మళ్లీ చూడవలసి వచ్చింది.

కణ వార్ధక్యంలో రకాలు

ప్రేరేపించే కారణాన్ని బట్టి రకాలు చెబుతారు. టీలోమియర్లు కురచనై వచ్చేది పునర్విభజన వార్ధక్యం. రేడియేషన్, కొన్ని కేన్సర్ మందులు, ఆక్సీకరణం వల్ల డీఎన్‌ఏ తెగినప్పుడు వచ్చేది హానిప్రేరిత వార్ధక్యం. కేన్సర్‌ను కలిగించే జన్యువు అతిగా చురుకైనప్పుడు కణం తనను తానే ఆపుకోవడం ఆంకోజీన్ ప్రేరిత వార్ధక్యం. రాస్ జన్యువుతో ఇలా జరుగుతుందని మాన్యుయెల్ సెరానో, స్కాట్ లోవ్ బృందం 1997లో చూపింది. మైటోకాండ్రియా లోపం వల్ల వచ్చే రకాన్ని కాంపిసి బృందం 2016లో వర్ణించింది. దాని స్రావాల కూర్పు ఇతర రకాల కన్నా వేరుగా ఉంటుంది. పిండం రూపుదిద్దుకునేటప్పుడు కొన్ని భాగాల్లో తాత్కాలికంగా కనిపించే అభివృద్ధి వార్ధక్యం 2013లో వెల్లడైంది.

విభజనను ఆపే జన్యు మార్గాలు

కణ వార్ధక్యాన్ని ప్రధానంగా రెండు మార్గాలు నిలుపుతాయి. రెండింటిలోనూ కణితులను అణచే జన్యువులే పనిచేస్తాయి.

మొదటిది పీ53 మార్గం. డీఎన్‌ఏ హానిని ఏటీఎం వంటి ప్రోటీన్లు పసిగట్టి పీ53ను చురుకు చేస్తాయి. పీ53 తన వంతుగా పీ21ను తయారుచేయిస్తుంది. పీ21 కణవిభజన చక్రాన్ని నడిపే ఎంజైములను అడ్డుకుంటుంది. రెండోది పీ16 మార్గం. పీ16 అదే కోవకు చెందిన మరికొన్ని ఎంజైములను అడ్డుకుని, ఆర్‌బీ ప్రోటీన్ విభజన జన్యువులను మూసి ఉంచేలా చేస్తుంది. పీ16ను నిర్మించే సీడీకేఎన్‌2ఏ జన్యువు మనిషిలో 9వ క్రోమోజోము కురచ బాహువుపై ఉంటుంది. వయసుతో పాటు పలు కణజాలాల్లో పీ16 మోతాదు పెరుగుతుంది.

ఈ రెండింటి మధ్య తేడా ఏమిటి? 2003లో కాంపిసి బృందం వృద్ధకణాల్లో పీ53ను పనిచేయకుండా చేసి చూసింది. పీ16 తక్కువగా ఉన్న కణాలు మళ్లీ విభజన మొదలుపెట్టాయి. పీ16 ఎక్కువగా ఉన్నవి మొదలుపెట్టలేదు. వార్ధక్యాన్ని తిరుగులేని స్థితిగా చేయడంలో పీ16 రెండో గడియలా పనిచేస్తుందని దీనితో అర్థమైంది. శాశ్వతం అన్న నిర్వచనంలోని మాటకు ఇది ఒక సవరణ కూడా: జన్యువులను తారుమారు చేస్తే కొన్ని వృద్ధకణాలు వెనక్కి రాగలవు.

వార్ధక్య స్రావాలు

కాంపిసి పేరు ఎక్కువగా ముడిపడి ఉన్నది ఈ అంశంతోనే. 2001లో ఆమె బృందం వృద్ధ ఫైబ్రోబ్లాస్ట్‌లను కేన్సర్‌కు దగ్గరగా ఉన్న ఎపిథీలియల్ కణాలతో కలిపి పెంచింది. ఆ కణాలు వేగంగా పెరిగాయి. ఎలుకల్లో కణితులు కట్టాయి. యువ ఫైబ్రోబ్లాస్ట్‌ల పక్కన అలా జరగలేదు. కేన్సర్‌ను ఆపడానికి ఆగిపోయిన కణమే పొరుగు కణాన్ని కేన్సర్ వైపు నెట్టడం పైకి విరుద్ధంగా తోస్తుంది. తర్వాతి పరిశోధనంతా దీనికి వివరణ వెతకడమే.

2008లో ఆ వివరణ వచ్చింది. ప్లాస్ బయాలజీ పత్రికలో ఝాన్-ఫిలిప్ కొప్పే మొదటి రచయితగా వచ్చిన వ్యాసం, వృద్ధకణాలు స్రవించే ప్రోటీన్లను వరుసగా కొలిచింది. ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 వంటి శోథ సంకేతాలు, పెరుగుదల కారకాలు, కణాల మధ్య అల్లికను కరిగించే ఎంజైములు అందులో ఉన్నాయి. ఈ సముదాయానికి వార్ధక్య సంబంధ స్రావ లక్షణం అని పేరుపెట్టారు. పరిశోధకులు క్లుప్తంగా సాస్ప్ అంటారు. డీఎన్‌ఏకు హాని జరిగిన వెంటనే ఇది కనిపించదు. రూపుకట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. ప్రొస్టేట్ కేన్సర్ రోగుల నుంచి కీమోథెరపీకి ముందూ తర్వాతా తీసిన కణజాలంలో కూడా ఇలాంటి మార్పులు కనిపించాయి. ఆ కాలంలోనే మరి రెండు బృందాలు వృద్ధకణాల శోథ సంకేతాలపై వేర్వేరుగా ఫలితాలు ప్రకటించాయి. కాబట్టి ఈ ఆవిష్కరణ ఒక్క ప్రయోగశాలది కాదు.

విభజన ఆగడమూ, స్రావాలు మొదలవడమూ ఒకే ప్రక్రియలో రెండు మెట్లా, లేక రెండు వేర్వేరు ప్రక్రియలా? ఈ ప్రశ్నకు కాంపిసి బృందం రెండు వైపుల నుంచి సమాధానం రాబట్టింది. డీఎన్‌ఏ హాని సంకేతం ఎడతెగకుండా సాగితేనే స్రావాలు వస్తాయని, అందుకు ఏటీఎం కావాలని, పీ53, ఆర్‌బీ అక్కర్లేదని 2009లో చూపింది. పీ53 పోయిన కణాల్లో స్రావాలు ఇంకా పెరిగాయి. అటు నుంచి, హాని ఏదీ లేకుండా పీ16ను మాత్రమే పెంచితే కణం ఆగిపోయింది కానీ శోథ స్రావాలు రాలేదని 2011లో చూపింది. రెండూ వేర్వేరు నియంత్రణల కింద ఉన్నాయి. చికిత్స కోణంలో దీని ప్రాముఖ్యం పెద్దది: కేన్సర్‌ను ఆపే గుణాన్ని చెడగొట్టకుండా స్రావాలను మాత్రమే తగ్గించే వీలు సూత్రప్రాయంగా ఉంది. రాపమైసిన్ మందు ఇంటర్‌ల్యూకిన్-1 ఆల్ఫా తయారీని తగ్గించి ఈ స్రావాలను అణచగలదని 2015లో ఆమె బృందం ప్రకటించింది.

పరిణామ దృక్పథం

ఒకే యంత్రాంగం మేలూ కీడూ ఎలా చేస్తుందన్నదానికి కాంపిసి ఆశ్రయించిన సిద్ధాంతం జార్జ్ విలియమ్స్ 1957లో ప్రతిపాదించినది. దాని ప్రకారం, యవ్వనంలో సంతానోత్పత్తికి తోడ్పడే జన్యువు ముసలితనంలో హాని చేసినా ప్రకృతివరణం దాన్ని తొలగించలేదు; హాని బయటపడేనాటికి ఆ జన్యువు తర్వాతి తరానికి చేరిపోయి ఉంటుంది. అంతకు ముందు 1952లో పీటర్ మెడవార్ కూడా వయసు పెరిగే కొద్దీ ప్రకృతివరణం బలహీనపడుతుందని వాదించారు. కణ వార్ధక్యం ఈ సిద్ధాంతానికి కణస్థాయి ఉదాహరణ అని కాంపిసి పలు సమీక్షా వ్యాసాల్లో రాశారు. యవ్వనంలో అది కేన్సర్‌కు అడ్డుకట్ట. వృద్ధాప్యంలో పేరుకున్న వృద్ధకణాలే దీర్ఘకాల శోథకూ, చివరికి కేన్సర్‌కూ దోహదం చేస్తాయి.

ఉపయోగకర పాత్రలు

వృద్ధకణాలన్నీ తొలగించదగినవి కావని చెప్పే ప్రయోగం కూడా కాంపిసి ప్రయోగశాల నుంచే వచ్చింది. పీ16 చురుకైన కణాలు వెలుగునిచ్చేలా, గాన్సిక్లోవిర్ మందు ఇస్తే చనిపోయేలా ఒక ఎలుక జాతిని ఆమె బృందం రూపొందించింది. 2014లో మార్కో డెమారియా మొదటి రచయితగా వచ్చిన వ్యాసంలో, ఈ ఎలుకల చర్మానికి గాయం చేసి వృద్ధకణాలను తొలగిస్తే మానడం ఆలస్యమైంది. ఆ కణాలు స్రవించే పీడీజీఎఫ్-ఏఏ అనే కారకాన్ని గాయంపై పూస్తే లోపం సర్దుకుంది. గాయం వద్ద ఈ కణాలు కొద్దిరోజులే ఉంటాయి. మేలూ కీడూ కణం రకం మీద ఎంత ఆధారపడతాయో, అది ఎంతకాలం నిలిచి ఉందన్నదాని మీదా అంతే ఆధారపడతాయి.

వ్యాధులతో సంబంధం

వృద్ధకణాలు వ్యాధికి కారణమా, వ్యాధి వెంట వచ్చే గుర్తు మాత్రమేనా అన్నది తేలాలంటే వాటిని తీసేసి చూడాలి. ఆ పని మొదట మేయో క్లినిక్‌లో డారెన్ బేకర్, యాన్ వాన్ డ్యూర్సన్ 2011లో చేశారు. త్వరగా ముసలితనం వచ్చే ఎలుకల్లో పీ16 కణాలను తొలగిస్తే కొవ్వు, కండరం, కంటికి సంబంధించిన లక్షణాలు ఆలస్యమయ్యాయి. మామూలు ఎలుకల్లో కూడా ఈ కణాలను తొలగిస్తే సగటు ఆయుష్షు పెరిగిందని 2016లో అదే బృందం ప్రకటించింది.

కాంపిసి బృందం తన ఎలుక జాతితో నిర్దిష్ట వ్యాధులను పరిశీలించింది. మోకాలి స్నాయువు తెగిన ఎలుకల్లో వృద్ధకణాలను తొలగిస్తే కీలు అరుగుదల, నొప్పి తగ్గాయి (2017). డాక్సోరుబిసిన్ అనే కేన్సర్ మందు తర్వాత వచ్చే నీరసం, గుండె బలహీనత తగ్గాయి (2017). పారాక్వాట్ అనే కలుపుమందు ఎలుక మెదడులోని ఆస్ట్రోసైట్‌లు అనే సహాయక కణాలను వృద్ధకణాలుగా మారుస్తుందని, వాటిని తొలగిస్తే పార్కిన్సన్ వ్యాధిని పోలిన నష్టం తగ్గుతుందని శంకర్ చింతా మొదటి రచయితగా 2018లో ప్రచురించారు. మన పొలాల్లోనూ వాడిన మందు కాబట్టి ఈ ఫలితం తెలుగు పాఠకులకు దూరపు సంగతి కాదు. ఇది ఎలుకలపై చేసిన ప్రయోగమన్నదీ మరువరాదు.

మానవ జన్యువుల నుంచి పరోక్ష ఆధారం ఉంది. గుండె రక్తనాళాల వ్యాధి, రెండో రకం మధుమేహం ముప్పుతో ముడిపడిన జన్యుభేదాలు సీడీకేఎన్‌2ఏ పరిసరాల్లోనే ఉన్నట్టు 2007లో వచ్చిన పెద్ద అధ్యయనాలు చూపాయి. వెర్నర్ సిండ్రోమ్, ప్రొజీరియా వంటి అకాల వార్ధక్య వ్యాధుల్లో కణాలు త్వరగా వృద్ధస్థితికి చేరతాయి (చూ. ప్రొజీరియా).

చికిత్సా యత్నాలు

వృద్ధకణాలను ఎంచి చంపే మందులను సెనోలిటిక్‌లు అంటారు. డాసాటినిబ్, క్వెర్సెటిన్ జంటను 2015లో జేమ్స్ కర్క్‌లాండ్ తదితరులు మొదట ప్రతిపాదించారు. ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధి ఉన్న 14 మందిపై దాన్ని తొలిసారి పరీక్షించిన ఫలితాలు 2019లో వచ్చాయి. స్రావాలను మాత్రమే తగ్గించే మందులది వేరే తరగతి.

కాంపిసి సహవ్యవస్థాపకురాలిగా ఉన్న యూనిటీ బయోటెక్నాలజీ సంస్థ, ఎలుక మోకాళ్లలో పనిచేసిన యూబీఎక్స్0101 మందును మోకాలి అరుగుదల రోగులపై పరీక్షించింది. 2020లో రెండో దశ పరీక్ష ఫలితాలు వచ్చాయి. 12 వారాల తర్వాత నొప్పి తగ్గుదలలో ఉత్తుత్తి మందు పొందినవారికీ, అసలు మందు పొందినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. దానితో ఆ మందును మోకాళ్ల కోసం వదిలేశారు.

ఆయుష్షు జన్యుశాస్త్రంలో ఇతర పాయలు

వార్ధక్య జన్యుశాస్త్రం అంతా కణ వార్ధక్యం కాదు. సింథియా కెన్యన్ 1993లో డాఫ్-2 అనే ఒక్క జన్యువులోని ఉత్పరివర్తనతో నులిపురుగు ఆయుష్షు రెట్టింపవుతుందని చూపారు. ఆ జన్యువు ఇన్సులిన్ సంకేతాలను అందుకునే గ్రాహకానికి చెందినది. ప్రౌఢ నులిపురుగు దేహకణాలు విభజన చెందవు. కాబట్టి అక్కడ హేఫ్లిక్ పరిమితికి తావే లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు బృందం మరో దారిలో నడిచింది. ముసలి ఎలుకల మెదడులోని నాడీకణాల్లో డీఎన్‌ఏ మరమ్మతు సామర్థ్యం తగ్గుతుందని, ఆ కణాల సారానికి డీఎన్‌ఏ పాలిమరేజ్ బీటా, లైగేజ్ ఎంజైములను చేరిస్తే అది తిరిగి మెరుగవుతుందని చూపింది. డీఎన్‌ఏ హాని దగ్గర ఈ పాయలు కలుస్తాయి.

పరిమితులు, విమర్శలు

వృద్ధకణాన్ని నిస్సందేహంగా పట్టిచ్చే ఒకే గుర్తు ఇంతవరకూ లేదు. 1995 నాటి నీలిరంగు పరీక్ష లైసోజోముల పరిమాణాన్ని సూచిస్తుందే తప్ప వార్ధక్యాన్ని నేరుగా కాదు; మాక్రోఫేజ్ కణాలు కూడా నీలిరంగు చూపవచ్చు. అందువల్ల కణకేంద్రకంలో లామిన్ బీ1 తగ్గుదల (ఇదీ 2012లో కాంపిసి బృందం చెప్పినదే), పీ16, పీ21, స్రావాలు వంటి పలు గుర్తులను కలిపి చూడడం ఆనవాయితీ అయింది. స్రావాల కూర్పు కణం రకాన్ని బట్టి, ప్రేరణను బట్టి మారుతుంది. ఆమె సహరచయితగా 2020లో వెలువడిన సాస్ప్ అట్లాస్ ఈ వైవిధ్యాన్ని ప్రోటీన్ల వారీగా నమోదు చేసింది.

తొలగింపుపై కూడా అభ్యంతరాలున్నాయి. పీ16 ఎక్కువగా ఉన్న కాలేయ రక్తనాళ కణాలను ఎలుకల్లో తొలగిస్తే, వాటి స్థానంలో కొత్తవి రాక కణజాలం గట్టిపడి ఆరోగ్యం క్షీణించిందని 2020లో ఒక యూరోపియన్ బృందం ప్రకటించింది. మానవ శరీరంలో ఏ అవయవంలో, ఏ వయసులో, ఏ రకం వృద్ధకణాలు ఉన్నాయో పటం గీయడానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2021లో సెన్‌నెట్ అనే ఉమ్మడి కార్యక్రమాన్ని ప్రారంభించాయి.